ఫ్రిజ్‌లో పెట్టిన చెరువు

నాందేడ్‌లో మా ఇల్లు చెరువు పక్కనే. నీళ్లలో రసాయనాలు పరీక్షించడం నా ఉద్యోగం. నిన్న ఆ చెరువు నీళ్లు ఒక బాటిల్లో పట్టి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. ఈ రోజు ల్యాబులో చూస్తే రంగు లేదు, వాసన లేదు. సీసం మాత్రం కాస్త ఉంది. చెరువు బాగుపడిందని మురిసిపోతూ వచ్చి అమ్మకు చెప్పాను.

"ఏం బాగువడ్డది బిడ్డా! గా తలావ్ కంపు నీళ్లు పెరుగు గిన్నె పక్కన ఎట్ల పెట్టినవ్? పారవోసి, బాటిల్ సబ్బుతోని కడిగి, మన బోరు నీళ్లు నింపిన," అంది.

పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి దాహమేసి గ్లాసెత్తాక, ఆ సీసం గుర్తొచ్చింది.

ఊరందరి నీళ్లూ పరీక్షించిన నేను మా బోరును ఏనాడూ పట్టించుకోలేదు. ఆ పని అమ్మ చేయించింది. మీ బోరు సంగతేమిటి?