గొడుగాయన ముఖం

జనం పెద్దాయన అని కొలిచే నాయకుడు ఒకప్పుడు కాపురమున్న ఇళ్లన్నీ ఒక్క రోజులో చూపించే బస్సు అది. గొడుగాయన భార్య పొద్దున్నే కూతురితో వచ్చి ముందు సీటు పట్టింది. ఆమెకు ఆ నాయకుడి మీద భక్తీ లేదు, పాడూ లేదు. పోయిన మొగుడి ముఖం కూతురికి ఒక్కసారి చూపించాలి, అంతే.

ఆయన పెద్దాయనకు గొడుగు పట్టేవాడు. కెమెరా కనబడితే గొడుగు మనిషి తల పక్కకు తిప్పెయ్యాలని ఆ కొలువులో నియమం. అది ఎంత అలవాటైపోయిందంటే, మహానుభావుడు తన పెళ్లి ఫొటోలోనూ చటుక్కున తల తిప్పేశాడు! చెవి తప్ప ఏమీ పడలేదు. ఒక్కసారి మాత్రం పెద్దాయన బంగళా మెట్ల మీద గాలికి గొడుగు తిరగబడితే, కంగారులో కెమెరాకేసి చూశాడు. అందుకు తిట్లూ తిన్నాడు. ఆ ఫొటో బంగళా హాల్లోనే ఉండేది. కూతురు కడుపులో ఉండగానే ఆయన పోయాడు. ఆ తర్వాత వారసుల తగాదాలతో బంగళాకు తాళాలు పడ్డాయి. ఈమధ్యే తీశారు.

"నాన్న ఎలా ఉండేవాడమ్మా?" అని చిన్నప్పట్నుంచీ కూతురు అడుగుతూనే ఉంది. "చూపిస్తాగా" అని తల్లి దాటేస్తూనే ఉంది.

మొదటి ఇంట్లో పెద్దాయన పడుకున్న ఉయ్యాల, రెండో ఇంట్లో పళ్లు తోముకున్న తొట్టి. తొట్టిక్కూడా దండం పెట్టినవాళ్లున్నారు, ఏం చెప్పమంటారు! కుట్టుపని మానుకుని వచ్చిన కూతురు విసుక్కోలేదు. బంగళా రాగానే తల్లి చెయ్యి పట్టుకుని అందరికన్నా ముందు హాల్లోకి నడిచింది.

గోడంత ఫొటో. మెట్ల మీద పెద్దాయన, వెనక్కి విరిగిన గొడుగు, దాన్ని పట్టుకున్న పిడికిలి. మణికట్టు దగ్గరే ఫ్రేము అంచు.

"ఈ పక్కన మనిషుండాలి కదా బాబూ?" అంది తల్లి.

"ఎవరో అడ్డంగా ఉన్నాడండీ. తీయించేసి పెద్దది చేయించాం" అన్నాడు గైడు.

"పాతదుందా?"

"చెదలు పట్టింది, పారేశారు. పదండి, పడకగది చూద్దాం."

తల్లి అక్కడే చతికిలబడింది. కూతురు పక్కన కూర్చుని, "పోనీలేమ్మా. నువ్వు చూశావుగా, నువ్వే చెప్పు. ముక్కు ఎలా ఉండేది?" అంది.

తల్లి కళ్లు మూసుకుంది. గొడుగు గుర్తొచ్చింది, చొక్కా గుర్తొచ్చింది, తడిసిన చెప్పులు గుర్తొచ్చాయి.

"గుర్తు లేదే తల్లీ!" అని అందరి ముందూ భోరుమంది. "ఎప్పుడో మర్చిపోయానే. నీతోపాటు నేనూ చూద్దామనే వచ్చాను."