పెద్దమ్మ వంతు

ఎనభైల మొదట్లో పురానాపూల్ దగ్గర నాకో చిన్న దుకాణం ఉండేది. పెళ్లి ఫిల్ములు కత్తిరించి అతికించేవాణ్ని. చాంద్రాయణగుట్టలో ఉండే ఒక లంబాడీ యువకుడు, ఫ్యాక్టరీ ఉద్యోగి, తాను తీసిన రీళ్లు పట్టుకొని వచ్చాడు.

"సినిమాల్ల మావోళ్లంటే అద్దాల లంగలేసుకొని హీరో ఎనక ఎగురుడే గదన్నా. మమ్ముల మేమే తీసుకుంటే ఎట్లుంటదో సూద్దామని."

ఆ ఫిల్ముకు శబ్దం లేదు. బొమ్మలో అతని తల్లి, ఎన్నో ఏళ్లకు తండా నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తున్నారు. ఏడుస్తూ వాళ్లు పాడిన పాటను అతను విడిగా క్యాసెట్‌లో పట్టాడు. "ఈ పాట పైలమన్నా," అని మరీమరీ జాగ్రత్త చెప్పి వెళ్లాడు.

విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థం కానిది చూసేవాళ్లకూ అక్కర్లేదనుకున్నాను. అతన్ని అడగనైనా లేదు. అదే క్యాసెట్ మీద విషాదంగా వయొలిన్ ఎక్కించి, పేదరికం గురించి నా గొంతుతో నాలుగు మాటలు చదివాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పొద్దుగూకాక వాళ్ల బస్తీలో గోడకు దుప్పటి కట్టి ఆడించాం. వయొలిన్ మొదలవగానే అతని తల్లి లేచింది.

"ఏందిర ఇది? ఎవలు సచ్చిన్రు?"

"ఎవలు సావలే యాడీ," అన్నాడు కొడుకు.

"మరి గాయనెవలు, సావుకొచ్చినోని లెక్క సదువుతుండు?"

అందరూ నవ్వారు. నేను ప్రొజెక్టర్ వెనక తల వంచుకున్నాను.

"మస్తు దినాలకు కలిస్తే మా ఆడోళ్లు గిట్లనే ఏడుస్తరన్నా," అన్నాడతను. "ఎవలకు పిల్లలైన్రు, ఏ ఎద్దు పోయింది, అన్నీ పాటలనే చెప్పుకుంటరు. ఇది బంద్ చేసి నా క్యాసెట్ పెట్టు."

"ఇదే నీ క్యాసెట్. పాట మీదే ఇది ఎక్కించాను," అన్నాను.

అతను టేప్‌రికార్డర్ మీట నొక్కి ఆపేశాడు. "యాడీ, నువ్వే పాడు," అన్నాడు.

రీలు మొదటికి తిప్పాను. ఆమె దుప్పటి పక్కన కూర్చొని, బొమ్మలో తన పెదవులు కదిలినప్పుడల్లా పాడింది. తండాకు తిరిగి వెళ్లిపోయిన అక్క వంతు రాగానే ఆగింది. పెద్దమ్మ నోరు కదులుతోంది, ప్రొజెక్టర్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గదిగూడ నువ్వే పాడరాదూ," అన్నారెవరో.

"దాని ముచ్చట నేనెట్ల చెప్త? అదొచ్చి పాడాలె," అంది.

మళ్లీ తన పెదవులు కదిలేదాకా ఆమె గొంతు ఎత్తలేదు.