తలుపులకు జ్వరం చూసే మనిషి

ఆ ఊరి ఫైర్ ఆఫీసరుగారికి లోకంలో ఉన్న జబ్బులన్నిటికీ బదులు ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఏ తలుపూ నేరుగా తెరిచేవారు కాదు. ముందు ఆగేవారు. కుడిచెయ్యి తిప్పి, చేతి వెనకభాగాన్ని తలుపుకి ఆనించేవారు, పసిబిడ్డకి ఒళ్ళు వెచ్చబడిందేమోనని తల్లి చూసినట్టు. ఓ క్షణం కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, "చల్లగానే ఉంది" అని పైకే అని, అప్పుడు తెరిచేవారు.

నిప్పుతో పనిచేసేవాళ్ళకి ఇది మొదటి పాఠమేనట. అవతల మంట ఉంటే తలుపు వేడెక్కుతుంది. వేడిగా ఉన్న తలుపు తెరవకూడదు, ఇంకో దారి చూసుకోవాలి. అరచేత్తో చూస్తే అరచెయ్యి కాలుతుంది, అది కాలితే ఇక దేన్నీ పట్టుకోలేం, అందుకని వెనకచెయ్యి. బాగానే ఉంది, ఎవరు కాదన్నారు? కానీ ఆ పాఠం నేర్చుకున్నవాళ్ళంతా డ్యూటీ దిగాక ఆ చేతిని చెయ్యిలాగే వాడుకుంటారు. ఈయన ఫ్రిజ్ తలుపుకి కూడా జ్వరం చూసేవారు.

"ఫ్రిజ్ అండీ అది" అనేది వాళ్ళావిడ.

"అయితే?"

"చల్లగానే ఉంటుంది. చల్లగా ఉండటమే దాని ఉద్యోగం."

"చూసుకుంటే తప్పేముందే?" అని, చెయ్యి ఆనించి, కళ్ళు మూసి తెరిచి, "చల్లగానే ఉంది" అని నీళ్ళ సీసా తీసుకునేవారు. ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టుకునేది.

ఆవిడ తమ్ముడు ఎంతో మోజుపడి కారు కొనుక్కుని, మొదట బావగారికే చూపించాలని తోలుకొచ్చాడు. ఈయన ముందు తలుపుకి చూశారు. చల్లగానే ఉంది. చుట్టూ తిరిగి మిగతా మూడిటికీ చూశారు. "బావగారూ, నాలుగూ ఒకే కారువి" అన్నాడు పాపం ఆ పిల్లాడు. "దేని సంగతి దానిదే బావా" అన్నారీయన, డిక్కీ వైపు నడుస్తూ.

అక్కడితో ఆగితే ఏదోలే అనుకోవచ్చు. ఎవరైనా నవ్వారా, ఇక ఆయన్ని పట్టలేం. బ్యాంకులో ఓ గుమాస్తా కిసుక్కుమన్నాడని, అంతమంది ముందు ఇస్త్రీ యూనిఫాంతో నేలమీద పడుకుని కౌంటరు దాకా పాక్కుంటూ వెళ్ళారు. "పొగ పైకి పోతుంది, మనం కిందికి పోవాలి" అని క్యూలో ఉన్నవాళ్ళ మోకాళ్ళకి చెప్పుకుంటూ మరీ. ఇంకోసారి ఇంట్లోంచి బయటికొచ్చాక వాన మొదలైంది, గొడుగు లోపలుంది. "ఒకసారి బయటపడ్డాక దేనికోసమూ మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు" అని స్టేషను దాకా తడుసుకుంటూ నడిచారు. వీధి వీధంతా అరుగులమీదికొచ్చి చూసింది. కుక్క తోక వంకర అనుకుని ఊరుకోవాలి గానీ, కట్టుకున్నదానికి ఊరుకోవడం అంత తేలికా?

పైగా ఆవిడ ఆ ఊరి బడిలోనే టీచరు. పిల్లలు ఆయనకి జ్వరం సారని పేరు పెట్టారు. ఆవిడ క్లాసులోకి వెళ్ళేసరికి ఎవడో ఒకడు అన్నం డబ్బా మూతకి వెనకచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉండేవాడు.

"ఏం చేస్తున్నావురా?"

"డబ్బాకి జ్వరం చూస్తున్నా టీచర్. చల్లగానే ఉంది."

క్లాసంతా గొల్లుమనేది. ఆవిడకి తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికొచ్చి ఆ కోపమంతా ఆయనమీద చూపించేది. ఆయన శ్రద్ధగా విని, "డబ్బాకి కూడా చూస్తున్నారా?" అని అడిగేవారు. ఆ అడగడంలో ఏదో సంబరం ఉందని ఆవిడకి అనుమానం.

ఇలా ఉండగా ఓ ఇన్సూరెన్స్ కంపెనీ గ్రాంటు సంగతి వచ్చింది. ఇళ్ళు తగలబడితే డబ్బు కట్టవలసింది వాళ్ళే కాబట్టి, తగలబడకముందే కాస్త ఖర్చు పెడితే మేలని తెలుసుకున్న కంపెనీ అది. ఏటా కొన్ని ఫైర్ స్టేషన్లకి సామాను కొనిస్తారు. షరతు ఒక్కటే, ఆ స్టేషను వాళ్ళు జనానికి జాగ్రత్తలు నేర్పుతూ ఉండాలి. నేర్పుతున్నారో లేదో చూడటానికి కంపెనీ మనిషి స్వయంగా వస్తుంది.

ఆ స్టేషను సంగతేమిటంటే, మంటలోకి వెళ్ళేవాళ్ళు ఆరుగురు, వీపున తగిలించుకునే గాలి సిలిండర్లు, వాటి మాస్కులు మాత్రం రెండేసి. "కుర్రాళ్ళు ముందు" అని ఆ రెండూ వాళ్ళకే తగిలించి, ఈయన మూతికి తడిగుడ్డ కట్టుకుని వెళ్ళేవారు. ఇంటికొచ్చి దగ్గితే రుమాలు నల్లగా అయ్యేది. ఆ రుమాళ్ళు ఉతికేది ఆవిడే. ఫ్రిజ్‌కి జ్వరం చూసినా, గొడుగు లేకుండా తడిసినా భరించింది గానీ, ఆ మసిని మాత్రం ఆవిడ భరించలేకపోయింది. ఈ గ్రాంటు రావాలి, అంతే.

అందుకే కంపెనీ మేడమ్ బడికి వచ్చి క్లాసు చూస్తుందని తెలియగానే, ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ ఒక్క రోజు ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి. మీకు దణ్ణం పెడతాను. పెద్దమనిషిలా పాఠం చెప్పి పెద్దమనిషిలా బయటికి రండి. పాకవద్దు."

"పిల్లలు నవ్వకపోతే ఎలాగే?"

"నవ్వితే గ్రాంటు పోతుంది. నాకోసం."

ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, "సరే, నీ ఇష్టం" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు, అదే వచ్చిన చిక్కు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, బల్లముందు నిలబడి, "అగ్నిప్రమాదములు సంభవించుటకు గల కారణములు ప్రధానముగా మూడు" అని మొదలుపెట్టారు. మూడు చెప్పారు. వాటిలో ఒక్కోదానికీ ఉన్న ఉపకారణములు కూడా చెప్పారు. పిల్లలు బల్లలమీదికి వాలిపోయారు. కిటికీలోంచి బయట మేస్తున్న ఆవుని చూస్తే అదీ కునుకుతీస్తున్నట్టే ఉంది. కంపెనీ మేడమ్ గడియారం చూసుకుని, మధ్యవరసలో ఒకణ్ణి లేపి అడిగింది.

"సార్ ఇప్పటిదాకా ఏం చెప్పారు బాబూ?"

"కారణములు మేడమ్."

"ఏ కారణములు?"

వాడు బాగా ఆలోచించి, "ప్రధానమైనవి" అన్నాడు.

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. వెనకగోడకి ఆనుకుని నిలబడ్డ టీచరమ్మ అది చూసింది. ఇంకెవరో కాదు, చేజేతులా తానే చెడగొట్టింది. ఆ నల్లరుమాళ్ళు ఇక జీవితాంతం ఉతుక్కోవలసిందే.

ఆఫీసరుగారు పాఠం ముగించి, అందరికీ నమస్కారం పెట్టి, నడిచి వెళ్ళి ఎడంచేత్తో క్లాసు తలుపు గడియ తీశారు. తీశారంతే. మామూలు మనిషి తీసినట్టు.

"సార్, చూడలేదు" అంది మొదటి వరసలో రెండు జడల పిల్ల, లేచి నిలబడి.

నిద్రపోతున్న క్లాసు ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది.

"ఏం చూడలేదమ్మా?" అంది మేడమ్.

"తలుపుకి జ్వరం మేడమ్. చూడకుండా తెరిచేశారు. అవతల మంటుంటే?"

ఆఫీసరుగారు తలుపు దగ్గరే ఆగిపోయి భార్య వైపు చూశారు. ఆయన కాదు, జేబులో ఉన్న ఆ చెయ్యి అడుగుతున్నట్టుంది. ఆవిడ వెనకగోడ వదిలి ముందుకొచ్చింది.

"చూడండి మరి. పిల్లలు అడుగుతున్నారుగా" అంది.

చెయ్యి బయటికొచ్చింది. తలుపు మళ్ళీ మూసుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. "చల్లగానే ఉంది" అని క్లాసంతా కలిసి అరిచింది.

మేడమ్ పెన్ను మూత మళ్ళీ తీసింది. "వేడిగా ఉందనుకోండి. అప్పుడు?"

అడిగిందే తడవు, పిల్లలంతా ఒక్కసారి నేలమీద పడ్డారు. తోసుకోకుండా, బల్లల మధ్యనుంచి పాక్కుంటూ వెనక తలుపు దగ్గరికి చేరారు. ముందున్నవాడు దానికి వెనకచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మీరు నమ్మరుగానీ, వాడు అచ్చం ఆయనలాగే ముక్కు కూడా ఎగబీల్చాడు. బయటికొచ్చి గోడ దగ్గర వరసగా నిలబడి, ఎవరైనా మిగిలిపోయారేమోనని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పరుగున వెనకాలే వచ్చిన మేడమ్, రెండు జడల పిల్లతో, "అయ్యో, నా బ్యాగు లోపలే ఉండిపోయింది. తెచ్చిపెట్టవూ?" అంది.

"ఉండనీండి మేడమ్. బ్యాగైతే ఇంకోటి కొనుక్కోవచ్చు."

మేడమ్ గోడ వెంట ఉన్న వరసనంతా ఓసారి చూసింది. "ఇవన్నీ సార్ ఎప్పుడు నేర్పారు మీకు?"

"నేర్పలేదు మేడమ్. మేం సార్‌ని వెక్కిరిస్తుంటాం, అంతే."

నవ్విన నాపచేనే పండిందన్నట్టు, గ్రాంటు వచ్చింది. మంటలోకి వెళ్ళే ఒక్కొక్కరికీ ఒక్కో సిలిండరు, ఒక్కో మాస్కు. కొత్త మాస్కు పెట్టుకుని మొదటి మంటకి వెళ్ళొచ్చిన రోజున ఆయన దగ్గలేదు. తెల్లగా ఉన్న రుమాలుని ఆవిడ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు తాగుతున్న ఆయన్ని నిలదీసింది.

"నిజం చెప్పండి. ఫ్రిజ్ తలుపు వేడిగా ఉండదని మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి?"

"మొదట్లో ఆ రోజు చెప్పినట్టే చెప్పేవాణ్ణే, కారణములూ అవీ. మళ్ళీ వెళ్ళి అడిగితే ఒక్కళ్ళకీ ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఓసారి అలవాటుకొద్దీ బడిలో బీరువాకి చెయ్యి ఆనించాను. పడీపడీ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళు మాత్రం మర్చిపోలేదు." ఆయన గ్లాసు కింద పెట్టారు. "నేను వెళ్ళిన కొన్ని ఇళ్ళలో, ఆ తలుపొక్కటి తెరవకుండా ఉంటే సరిపోయేదే. అది చూశాక, నన్ను చూసి నలుగురూ నవ్వితే నాకేం పోయిందనిపించింది."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళు నోటికొచ్చినట్టు తిట్టాను."

"చెప్తే తిట్టడం మానేస్తావు. నువ్వు ఇంట్లో తిట్టేది వీధిలోకి వినబడుతుంటేనే కదా జనం ఇంకా నవ్వేది. నీ తిట్లు లేకపోతే నా వేషం రక్తికట్టదే."

ఆవిడకి ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక ఆయన ముందున్న గ్లాసు లాక్కుని కడిగేసింది.

ఆ వారమే ఆయన మళ్ళీ బడికి వెళ్ళారు, మధ్యాహ్నం గంట కొట్టే వేళకి. మండుటెండ. ఇనపగేటు దగ్గర ఆగి చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు. ఎప్పుడూ అలాంటప్పుడు స్తంభం చాటుకి తప్పుకునే టీచరమ్మ, ఆ రోజు పిల్లలంతా పోగయ్యేదాకా ఆగింది. నడుంమీద చేతులు పెట్టుకుంది. వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తింది.

"ఏవండీ, పొద్దుట్నుంచీ ఎండలో కాగిన ఇనపగేటండీ అది. వేడిగా ఉండక వెన్నెలలా ఉంటుందా? మీతో వేగలేక నేను చస్తున్నాను."

"వేడిగా ఉందే. ఇంకో దారి చూసుకోవాలి" అన్నారాయన గంభీరంగా.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుకుంటూ ఆయన వెనకాలే పెరటిగేటు వైపు నడిచారు. అందరికంటే వెనక, ఇంకా తిడుతూనే, టీచరమ్మ కూడా చుట్టూ తిరిగే వెళ్ళింది.