నా తరపున ఆయన చెప్పిన జవాబు

"ఇంకా ఎంతసేపే?" అన్నాడాయన.

"కాళ్ళ మీద వేడినీళ్ళు పోసుకున్నారా? కుక్కర్ చల్లారొద్దూ" అన్నాను.

మొగుడూ పెళ్ళాలుగా మేం అనుకున్న ఆఖరి మాటలు ఇవే. నేను చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగేసరికి ఆఫీసు బూట్లతోనే కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. అమెరికాలో, సన్నీవేల్ ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్ వంటింట్లో, పొద్దున పూట.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద నంబరు గుర్తుపట్టడం తప్ప చదువు లేదు. ఇది రాస్తున్నది మా తమ్ముడి కూతురు. ఆయన పోయాక నా దగ్గర ఉండి ఇక్కడి కాలేజీలో సైకాలజీ చదువుతోంది. మనిషి స్వభావం ఎలాంటిదో చెప్పే పుస్తకాలు ఇంతింత లావు తెచ్చి బల్ల మీద పడేస్తుంది. పడెయ్యనీ. నాకు ఆ చదువు మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్తా.

పోవడానికి ముందటేడు ఆయనకి ఛాతీలో నొప్పొచ్చింది. హాస్పిటల్లో గుండె డాక్టరు మందులిచ్చి, పక్కగదిలో ఉన్న మనసు డాక్టరమ్మని కలిసి పొమ్మన్నాడు. గుండె నొప్పికి మనసు డాక్టరెందుకని నాకప్పుడే అనుమానం. ఆఫీసు వాళ్ళే ఏదో కూపీ లాగిస్తున్నారనుకున్నా. ఈయనకి పిచ్చి అని తేలిస్తే ఉద్యోగం పీకేసి పంపించేస్తారేమో అని భయం.

చిన్నపిల్లే ఆవిడ. మధ్యలో టేపు రికార్డరు తిరుగుతోంది. ఆయన్ని ప్రశ్నలు అడుగుతోంది. అడగడమంటే ఏం అడగడం, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఒక్కో మాటా సాగదీసి, మధ్యలో ఆగి, కాగితాలు తిరగేసి, మళ్ళీ మొదలెట్టి. నాకే ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ముగించేదాకా ఉండి, మెల్లగా జవాబు చెప్పాడు.

ఆయన ఇంగ్లీషు అంతే. ముందు మనసులో తెలుగులో అనుకుని, దాన్ని మార్చుకుని, తప్పు లేదని చూసుకుని అప్పుడు బయటికి తీస్తాడు. అందుకని ఇంగ్లీషులో ఆయన సాధువు. ఆఫీసులో తెల్లవాళ్ళందరూ ఎంత నెమ్మదస్తుడో అనేవాళ్ళు.

తెలుగులో ఆయన వేరే. నా నోట్లో మాట సగంలో ఉండగానే మిగతా సగం ఆయనే చెప్పేసి, దానికి జవాబు కూడా ఆయనే చెప్పేసేవాడు. అన్నం నిలబడి తినేవాడు. సరుకుల కొట్లో డబ్బులు కట్టే లైనులో నిలబడితే మూడు లైన్లు మారి, చివరికి మొదటి దాంట్లోనే వెనకపడేవాడు. ముందు నిలబడ్డ ముసలావిడ పర్సు వెతుక్కుంటుంటే నవ్వుమొహం పెట్టి తెలుగులో బండబూతులు తిట్టేవాడు. ఆ ముసలావిడ ఏదో మంచిమాట అనుకుని థాంక్యూ చెప్పింది ఒకసారి.

ఆయన్ని అడగడం అయ్యాక డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఇంట్లో ఈయన ఎలా ఉంటాడో పెళ్ళాం చెప్పాలంట. నాకు ఇంగ్లీషు రాదు కదా. ఆయన్నే తెలుగులో అడిగి చెప్పమంది. చూశావా ఆవిడ చదువు. దొంగ ఇంట్లో ఏం చేస్తాడో దొంగనే అడిగి చెప్పమన్నట్టు.

"నాకు కోపం వస్తుందా అని..." అని ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు.

"ఆ సంగతి మీకు తెలీదా? నన్నెందుకు అడగడం?" అన్నాను.

"నిన్నే అడగమంటోంది. చెప్పు."

"ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి చెప్పి తగలడు. ఆవిడ చూస్తోంది." నవ్వుమొహంతోనే అన్నాడు ఇదీ.

"నిన్న చారులో ఉప్పెక్కువైందని గిన్నె ఎత్తి సింకులో కుమ్మరించారు. అది చెప్పనా?"

ఆయన చిన్నగా నవ్వి ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నేను చెప్పింది రెండు ముక్కలు. ఆయన చెప్పింది చాంతాడంత. ఆవిడ రాసుకుంది. రాసుకుని నా వైపు చూసి, అవునా అన్నట్టు కనుబొమ్మలెత్తింది.

నేను తల ఊపాను.

ఆయన ఏం చెప్పాడో నాకు తెలీదు. తెలీకుండానే ఊపాను. ఇంటి సంగతి బయటివాళ్ళ ముందు పెట్టకూడదని ఒకటి, ఉద్యోగం భయం ఒకటి.

కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. వాళ్ళు మగాళ్ళని రెండు కుప్పలు పోస్తారంట. తొందర మనుషులు ఎ కుప్ప, నింపాది మనుషులు బి కుప్ప. గుండె జబ్బు ఎ కుప్పని వెతుక్కుంటూ వస్తుందంట. ఆయన బి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు. నేను ఏదైనా అంటే దాన్ని వేలితో తట్టి, "చూసుకో, హాస్పిటల్ వాళ్ళే రాసిచ్చారు నేను శాంతస్వభావుణ్ణని. నీ మొహం, నీకేం తెలుసు" అనేవాడు.

ఎ కుప్ప వాళ్ళని మాత్రం క్లాసుకి పిలిచారు. అక్కడ నెమ్మదిగా ఉండటం నేర్పిస్తారంట. కొట్లో ఎక్కువ పొడుగున్న లైను చూసుకుని అందులోనే నిలబడమంటారు. వెనక కారుకి దారిమ్మంటారు. నమిలి తినమంటారు. ఈయన్ని పిలవలేదు. ఏడాది తిరక్కుండా పోయాడు.

ఇదంతా నాకు తెలిసింది ఈ పిల్ల వచ్చాకే. ఒకరోజు పుస్తకం చదువుకుంటూ, "అత్తా, ఆవిడ కావాలనే అంత మెల్లగా అడుగుతుంది. ఏం జవాబు చెప్పాడని కాదు వాళ్ళు చూసేది, ఎలా చెప్పాడని. మధ్యలో అందుకుంటాడా, విసుక్కుంటాడా అని" అంది.

"మరి తెలుగులో అడిగారా?" అన్నాను.

పిల్ల పుస్తకం మూసేసింది.

అప్పట్నించి నాకు నిద్ర లేదు. ఆ రోజు ఉప్పు సంగతి ఆవిడకి చేరి ఉంటే ఆయన్ని ఎ కుప్పలో వేసేవాళ్ళా? క్లాసుకి పోయి నేర్చుకునేవాడా? నేను ఊపిన తల ఆయన ప్రాణం తీసిందా? ఇదే ప్రశ్న. పప్పు కడుగుతున్నా ఇదే.

పిల్ల హాస్పిటల్‌కి ఉత్తరం రాసి నా చేత సంతకం పెట్టించింది. పాత కాగితాల నకళ్ళు వచ్చాయి. చదవమన్నాను.

"భార్య చెప్పినది: భర్త ఇంట్లో గొంతెత్తడు. చారులో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తాగేస్తాడు."

నా ఉప్పే. నా చారే. సింకు ఒక్కటే మాయమైంది.

"ఇంకేం ఉంది?"

"ఏం లేదత్తా."

"అబద్ధం ఆడకు. నీ కళ్ళు ఇంకా కిందికి పోతున్నాయి."

పిల్ల మిగతాది చదివింది. "భార్య తొందర మనిషిలా కనిపిస్తోంది. భర్త తెలుగులో అడగడం పూర్తికాకముందే అందుకుంటోంది. ఈమెని కూడా పరీక్షిస్తే మంచిది."

చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను.

పిల్ల నన్ను ఓదార్చడానికి, ఇప్పుడు పెద్ద ప్రొఫెసర్లే ఆ కుప్పల సంగతి మీద తగువులాడుకుంటున్నారు అంది. తొందర కాదు, లోపల దాచుకున్న కోపమే గుండెని తింటుందని కొందరంటున్నారంట. అంటే రోజంతా ఆఫీసులో ఇంగ్లీషులో మింగిందా? లేక ఇంటికొచ్చి నా మీద కక్కిందా? మింగిందైతే నా తప్పు లేదు. కక్కిందైతే ఉంది. అదీ ఇంకా తేల్లేదంట. ఏటేటా చీరల అంచుల్లాగా మారిపోయే దాన్ని పట్టుకుని నేను దోషినో కాదో ఎలా తెలుసుకోను?

అందుకే ఇది రాయమన్నాను. ఆయన ఎలాంటివాడో నా మాటల్లో ఒక కాగితం ఉండాలి. హాస్పిటల్ కాగితం ఒక్కటే మిగిలిపోకూడదు.

అమ్మాయ్, నేను చూస్తూనే ఉన్నాను. "తగలడు" అన్న చోట నీ కలం ఆగింది. బూతుల దగ్గరా ఆగింది. మీ మామయ్యకి చెడ్డపేరు రాకూడదని నువ్వు ఏమైనా మెత్తగా రాశావేమో, నాకు తెలీదు కదా. నేనేం చదవగలను. ఈసారి మాత్రం వినకుండా తల ఊపను. మొదట్నించీ చదువు. నెమ్మదిగా చదువు. మధ్యలో అందుకోను.