తలుపు మూసే ముందు

మా టీచరమ్మ ఇక లేరన్న కబురు నాకు తిరుపతి బస్టాండులో తెలిసింది. చిత్తూరు బస్సు దిగిన మా పక్కింటావిడ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "తెల్లారుజామున పోయినారమ్మా" అంది. వెంటనే చిత్తూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఆ రేకుల షెడ్డులో పిల్లులకు ఇవాళ అన్నం ఎవరు పెట్టుంటారు?

ముందే చెబుతున్నాను, నాకు పిల్లులంటే పడదు. బళ్లో లెక్కలు చెప్పినావిడ పిలిస్తే కాదనలేక ఆదివారాలు వెళ్లేదాన్ని. జనం గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేసిన పిల్లుల్ని ఆమె పెరటి షెడ్డులో సాకేవారు. వాటికి ఇళ్లు వెతకడం మా పని. ఆమె ఆడపిల్లకు సంబంధం చూసినట్టే చూసేవారు. ముందు ఆ ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగేవారు. విసుక్కుంటూ ఇచ్చారా, ఇక ఆ గడప తొక్కేవారు కాదు. పిల్లిని ఇచ్చాక మర్నాడు మళ్లీ వెళ్లి చూడాల్సిందే. ఎండలో ఆ తిరుగుడేమిటని నేను సణిగితే, "ఇచ్చేసి చేతులు దులుపుకుంటే మనం గూడా సంచిలో కట్టి ఇడిసినోళ్లమే గదా" అనేవారు.

అలాంటి ఒక మర్నాడు నేను చచ్చేదాకా మరచిపోలేను. మామిడికాయల కాలం. ఎలుకలు బుట్టలు కొరికేస్తున్నాయని కాయల మండీ నడిపే సాయిబు అడిగితే, ఒక బూడిదరంగు పిల్లినీ దాని కూనల్నీ ఇచ్చాం. మర్నాడు మేమిద్దరం వెళ్లేసరికి కూనలు గంపలో గొంతు చించుకుని అరుస్తున్నాయి. తల్లి లేదు.

"యాడికో తిరగను పోయింటాది టీచరమ్మా, వస్తాదిలే" అన్నాడు సాయిబు.

టీచరమ్మ కాయలు మాగేసే గది వైపు చూశారు. లోపల కార్బైడు పెట్టి, సందుల్లో గోనెలు కుక్కి, కాస్త ముందే తలుపు మూశారట. ఆ ఘాటుకు మనిషే నిలవలేడు.

"బిడ్డల్నిడిసి అది యాడికీ పోదు భాయ్. ఎలకెనకాల లోపలికి దూరింటాది. తలుపు తీయండి."

"ఇప్పుడు తీస్తే ఆవిరంతా పోతాది. కాయ మాగదు, వడిలిపోతాది. నా సరుకు నాశనమైతాదమ్మా! తీసినాక అది లోపల లేకపోతే?"

లేకపోతే ఈ ఊరి మండీల్లో ఇక ఏ పిల్లికీ చోటుండదు. ఉంటే, మేం మాట్లాడుతున్న ప్రతి నిమిషమూ దాని ప్రాణం మీదికే. టీచరమ్మ అరచేత్తో తలుపు చరిచి చెవి ఆనించారు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ చరిచారు. కూలీలు నవ్వుకుంటున్నారు. వాళ్ల చెంపలు వాయించాలనిపించింది నాకు.

ఆమె కూనల గంప తెచ్చి తలుపుకు ఆనించి పెట్టారు. కూనలు ఇంకా గట్టిగా అరిచాయి. "ఇప్పుడు ఇనండి భాయ్."

సాయిబు వంగి చెవి పెట్టాడు. లోపల, కింద, గోరుతో చెక్క గీరిన చప్పుడు. ఒక్కసారే.

"యా అల్లా! తీయండ్రా!" అంటూ తనే గోనెలు పీకేశాడు. పిల్లి గడప మీద పడి ఉంది. టీచరమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. నీళ్లు చల్లి, కొంగుతో విసురుతూ కూర్చున్నారు. చాలాసేపటికి అది తుమ్మింది. పిల్లులంటే పడని నేను భోరుమని ఏడ్చాను.

"తీసకపోతారా దీన్ని?" అని సాయిబు బెరుగ్గా అడిగాడు.

"ఈడే ఉండనీ. కానీ ఇంక మీద తలుపు మూసేముందు కొట్టి, చెవి పెట్టి ఇనండి. అంతే."

మొన్న ఆమెను తీసుకెళ్లిపోయాక షెడ్డులో పిల్లులకు నేనే అన్నం కలిపి పెట్టాను. తిరిగొస్తూ మండీ వీధిలో నడిచాను. మళ్లీ కాయల కాలమే. ఇన్నేళ్లకు సాయిబూ లేడు, ఆ పిల్లీ లేదు. అదే మండీలో ఎవరో కొత్త కూలీ గది మూస్తూ, అరచేత్తో తలుపు చరిచి వంగి చెవి ఆనించాడు. ఎందుకప్పా అని అడిగాను.

"ఏమోనక్కా, ఈడ మూసేముందు ఇట్లనే కొట్టాలంట" అని, నన్ను మాట్లాడవద్దని చేయి ఎత్తి, మళ్లీ చెవి ఆనించాడు.

నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను.