తేదీ తప్పిన కంప్యూటర్

మా మేనమామను వీధిలో అందరూ బూటు మాస్టారు అంటారు. ఆయన చెప్పులు కుట్టేవాడు కాదు, కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఎవరు ఏ పెట్టె తెచ్చినా, మూత విప్పకముందే “అసలు బూటవ్వట్లేదా, బూటయ్యాక ఆగిపోతోందా?” అని అడిగేవాడు. దాంతో ఆ పేరు అంటుకుపోయింది. ఒకసారి ఒక పెద్దాయన ఆ పేరు విని, అడుగు ఊడిన బూట్లు సంచిలో వేసుకుని వచ్చాడు. మావయ్య ఆయన్ని తిప్పి పంపలేదు. కేబుళ్లకు వాడే జిగురుతో అతికించి, ఒక పూట ఎండబెట్టి మరీ ఇచ్చాడు. ఈ సంగతి అత్తయ్య చెప్పినప్పుడల్లా ఆయనా మాతో కలిసి నవ్వేవాడు.

కంటి ఆస్పత్రి సంగతి మాత్రం ఆయన ఇంట్లో ఎత్తేవాడు కాదు. నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, ఒక మధ్యాహ్నం, కొట్లో కూర్చుని ఏదో బోర్డుకి టంకం వేస్తూ. తలెత్తకుండానే మొత్తం చెప్పాడు.

ఆ కొట్టు ఒక రెండంతస్తుల ఇంటి మెట్ల కింద ఉండేది. లోపలికి వెళ్లాలంటే వంగాలి. ఒక బల్ల, వంగే మెడ ఉన్న దీపం, స్క్రూల డబ్బాలు, గోడకు వరసగా విప్పేసిన కంప్యూటర్లు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లదాకా వచ్చినవాడు కాబట్టి ఆయనకి తొందర తెలీదు. ముందు చూడు, తర్వాత ముట్టుకో అనేవాడు. ఒకే పెట్టెలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకున్న కంప్యూటర్ వస్తే మరీ జాగ్రత్తపడేవాడు. అది ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ల కాపురం లాంటిదనీ, ఒకరి గిన్నె సర్దబోతే ఇంకొకరి పాలు ఒలుకుతాయనీ ఆయన లెక్క.

ఆస్పత్రిలో ఉన్నది అలాంటిదే. మూడు గదుల చిన్న ఆస్పత్రి అది. కంటి లోపలి వెనక గోడను ఫొటో తీసే కెమెరా ఒకటి ఉండేది. మంచి కెమెరానే కానీ, దాన్ని నడిపే ప్రోగ్రాం పాత సిస్టమ్‌లో తప్ప పనిచేయదు. పేర్లు రాసుకోవడానికీ రిపోర్టులు అచ్చు తీయడానికీ కొత్త సిస్టమ్ కావాలి. అందుకని ఆరేళ్ల కిందట మావయ్యే ఒకే కంప్యూటర్‌లో రెండూ పెట్టి ఇచ్చాడు. ఆన్ చేయగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

రెండు రోజుల సెలవు తర్వాత ఒక ఉదయం, ఆస్పత్రిలో ఫొటోలు తీసే అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తది తెరుచుకుంటోంది, పాతది తెరుచుకోవట్లేదు. దాన్ని ఎంచుకుంటే గుర్తు కనబడి, రెప్పపాటు నీలం తెర వచ్చి, మళ్లీ మొదటికొస్తోంది. ఎన్నిసార్లు నొక్కినా గానుగెద్దులా అదే తిరుగుడు.

మావయ్య వెళ్లేసరికి బల్లల మీద పదిమందిదాకా కళ్లు మూసుకుని కూర్చున్నారు. అందరి కళ్లలో చుక్కలు వేసేశారు. ఆ మందు ప్రభావం పోయేలోపు ఫొటో తీయాలి. డాక్టరమ్మ తలుపు దగ్గరకొచ్చి, మధ్యాహ్నంలోపు అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాడు.

ఆయన చూడాల్సినవన్నీ చూశాడు. తీగలు వదులయ్యాయేమోనని తీసి మళ్లీ పెట్టాడు. అతి తక్కువ హంగులతో తెరిచే పద్ధతిలో ప్రయత్నించాడు, అదే నీలం తెర. మరమ్మతు డిస్కు పెడితే అంతా బాగానే ఉందని చెప్పింది. హార్డ్ డిస్కు పరీక్షించాడు, ఒక్క మచ్చ లేదు. అప్పుడే ఆ అమ్మాయి పక్కన నిలబడి, పొద్దున్న ఆన్ చేసేసరికి తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపించిందనీ, తానే సరిచేశాననీ చెప్పింది. మావయ్య ఊఁ కొట్టి ఊరుకున్నాడు.

“అక్కడే ఆగాల్సిందిరా నేను” అన్నాడు నాతో. “జబ్బేంటో ఆ పిల్ల చెప్పేసింది. నేనే వినలేదు.”

కంప్యూటర్ లోపల నాణెమంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుపెట్టుకునేది అదే. తేదీతో పాటు ఇంకొన్ని అమరికలూ అదే కాపాడుతుంది. హార్డ్ డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలన్నది వాటిలో ఒకటి. సెలవు రోజుల్లో కరెంటు మెయిన్ ఆపేశారు, బ్యాటరీ చచ్చిపోయింది, అమరికలన్నీ కొన్ననాటి స్థితికి పోయాయి. కొత్త సిస్టమ్ ఏ పద్ధతికైనా సర్దుకుంటుంది. పాతది తనను పెట్టిననాటి పద్ధతి తప్ప ఇంకోటి ఎరగదు. ఆ పద్ధతి మార్చి పెట్టింది ఆరేళ్ల కిందట మావయ్యే. ఆ ఒక్క అమరిక తిరిగి మారిస్తే రెండు నిమిషాల పని.

ఆయన పాత సిస్టమే పాడైందనుకున్నాడు. దాన్ని తుడిచేసి మళ్లీ పెట్టాలని నిర్ణయించుకున్నాడు. ఫొటోలకు నకలుందా అని అడిగాడు. రోజూ సాయంత్రం పక్క డిస్కులోకి వాటంతటవే వెళ్తాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆమెకి అంతే తెలుసు. పక్క డిస్కులో ఆస్పత్రి పేరుతో ఒక ఫోల్డరు కనిపించింది కూడా. దాన్ని తెరిచి చూడాల్సింది. కొత్త సిస్టమ్‌లోంచి పాతదాని భాగంలోకి వెళ్లి ఫొటోలన్నీ ముందు బయటికి తీసి పెట్టుకోనూవచ్చు, మూడు గంటలు పడుతుంది. అంతలో డాక్టరమ్మ రెండోసారి తలుపు దగ్గరకొచ్చింది. బల్ల మీద ఎవరో ముసలాయన ఇంకెంతసేపని గట్టిగా అడుగుతున్నాడు. మావయ్య తుడిచేశాడు.

ఒంటిగంటకి కెమెరా మళ్లీ క్లిక్‌మంది. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి ఫోన్ చేసి, తేదీ మళ్లీ వెనక్కి పోయిందని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు ఆయన వీధిలో ఉన్నాడు. అసలు జబ్బు బ్యాటరీదని అప్పుడు వెలిగింది. కాసేపు ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయాడు.

అప్పటికీ నకలుందన్న ధైర్యం ఉంది. అది మూడో రోజు పోయింది. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆవిడ ఒకరు కంటి పరీక్షకి వచ్చింది. ఐదేళ్ల కిందట ఆమె ఎడమ కంటి వెనక గోడ మీద పుట్టుమచ్చలాంటిది కనబడింది. పెరగనంతవరకు దానివల్ల ఏమీ కాదు, పెరిగితే మాత్రం క్యాన్సరై ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆరునెలలకోసారి ఫొటో తీసి, పాతదాని పక్కన పెట్టి చూస్తున్నారు. ఈసారి మచ్చ కాస్త పెద్దదైనట్టు డాక్టరమ్మకి అనిపించింది. పాత ఫొటో తెరవమంది. ఆమె పేరుంది, వచ్చిన తేదీలన్నీ ఉన్నాయి, ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి ఉంది. ఇంకో పేరు తెరిచారు, అక్కడా అదే గడి. ఆరేళ్లుగా పక్క డిస్కులోకి వెళ్తున్నది పేర్ల జాబితా ఒక్కటే.

మావయ్యని పిలిపించారు. డాక్టరమ్మ ఒక్క మాట తూలలేదు. ఆ పుస్తకాలు కుట్టే ఆవిడ ఎదురుగానే జరిగింది చెప్పమంది. ఆయన చెప్పాడు.

“మీ ఫొటోలు పోగొట్టింది నేనేనమ్మా.”

“మళ్లీ వస్తాయా అన్నయ్యా?”

“వెతుకుతాను. వస్తాయని మాటివ్వలేను.”

డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది. ఇప్పుడే రేడియేషన్ ఇవ్వొచ్చు, కానీ ఆ కంటికి చూపు దాదాపు పోతుంది. లేదా మూడు నెలలాగి ఇంకో ఫొటో తీసి, ఇవాళ్టి దానితో పోల్చొచ్చు. పెరుగుతున్నదే అయితే అన్నాళ్లు ఆగడం మంచిది కాదు. పుస్తకాలు కుట్టే ఆవిడ చాలాసేపు తన వేళ్ల కొసలు చూసుకుంటూ కూర్చుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు. చివరికి, ఉత్త అనుమానానికి కన్ను ఇవ్వలేననీ, ఈయన వెతికినన్నాళ్లు ఆగుతాననీ చెప్పింది.

మావయ్య ఇంకే పనీ పెట్టుకోలేదు. తుడిచేసిన డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి ఎత్తి, ఆ నకలులో వెతకడం మొదలుపెట్టాడు. పైన కొత్తగా రాసిన చోట ఉన్నవి ఎలాగూ పోయాయి. మిగిలిన చోట్లనుంచి తొమ్మిది వేల చిల్లర ఫొటోలు వచ్చాయి, పేరూ తేదీ ఏదీ లేకుండా. కొన్ని సగానికి తెగిపోయి ఉన్నాయి. ప్రతిదీ ఒక నారింజరంగు గుండ్రం, దాని మీద కొమ్మల్లా చీలిన రక్తనాళాలు. ఆ కొమ్మలు ఏ ఇద్దరికీ ఒక్కలా ఉండవు. ఆవిడ కొత్త ఫొటో బల్ల మీద నిలబెట్టుకుని, ఆ కొమ్మల తీరు చూసి ఒక్కొక్కటే పోల్చాలి.

ఆ అమ్మాయి రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి పక్కన కూర్చునేది. రమ్మని ఎవరూ అడగలేదు. అత్తయ్య అన్నం పంపిస్తే, ఇద్దరూ సగం తిని తెర వైపు తిరిగేవాళ్లు. కళ్లు మూసుకున్నా ఆ నారింజ గుండ్రాలే కనబడేవని మావయ్య చెప్పాడు.

ముప్ఫై ఎనిమిదో రోజు ఆ అమ్మాయి “ఆగండి మాస్టారూ” అంది.

కింది భాగమంతా తెగిపోయింది కానీ, మచ్చ పూర్తిగా ఉంది. కొమ్మలు సరిగ్గా సరిపోయాయి. ఇంకో గంటలో రెండోది దొరికింది. కొత్త ఫొటో పక్కన పెట్టారు. కొలవక్కర్లేకపోయింది. కంటి వైద్యం ఓనమాలు తెలియని మావయ్యకి కూడా తేడా కనబడింది. ఆ అమ్మాయి మొహం తిప్పుకుంది. ఇన్నాళ్లూ దొరకాలని వెతికిన ఇద్దరూ, దొరికాక దాన్ని తీసుకుని లేవలేక కాసేపలాగే కూర్చున్నారు.

మళ్లీ పరీక్ష చేస్తే మచ్చ కంటి నరం దగ్గరదాకా పాకింది. రేడియేషన్ దశ దాటిందని పెద్దాస్పత్రిలో కన్ను తీసేశారు.

ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. తప్పు తనదేనని మావయ్య డాక్టరమ్మకి చెప్పి వచ్చాడు, డాక్టరమ్మ కూడా ఉండమంది. ఆమె ఉండలేకపోయింది.

మావయ్య ప్రతి వారం కన్ను పోయిన ఆవిడ ఇంటికి వెళ్లేవాడు. ఒంటి కంటితో దూరం అంచనా దొరక్క, ఆవిడ సూదిలోకి దారం ఎక్కించలేకపోయేది. ఆయన కూర్చుని ఇరవై ముప్ఫై సూదులకు దారాలు ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి వచ్చేవాడు. ఒకరోజు ఆవిడ కాగితాలు మడుస్తూ మడుస్తూ, మామూలుగానే ఆ మాట అంది.

“మీ మీద కోపం లేదనుకోకండి అన్నయ్యా. ఉంది. అయినా సూదులకి మనిషి కావాలిగా.”

మావయ్య ఇంకో సూది అందుకున్నాడు.

ఏడాదిన్నర తర్వాత క్యాన్సర్ ఆవిడ కాలేయంలో బయటపడింది. అక్కణ్ణించి నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లో ఒకసారి మావయ్య ఉండబట్టలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆ ముప్ఫై ఎనిమిది రోజులు వృథా కాకపోయుంటే ఆమె గట్టెక్కేదా అని అడిగాడు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“తెలీదు మాస్టారూ. తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి.”

అవునన్నా కాదన్నా మోసుకునేవాణ్ణిగానీ, ఈ తెలీదన్నది ఎక్కడ దించుకోవాలో తెలియట్లేదని నాతో అన్నాడు.

ఆవిడ పోయిన పన్నెండు రోజులకి ఆ ఇంటికి వెళ్లాడు. భర్త తలుపు తీశాడు. నెమ్మదస్తుడు, ఆవిడ ఉన్నన్నాళ్లూ మావయ్యతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. గదిలో జిగురు వాసన ఇంకా పోలేదు. భర్త నేల వైపు చూస్తూ చెప్పాడు.

“మీరు మంచివాళ్లే. కానీ ఇక రాకండి. మిమ్మల్ని చూస్తే నాకు ఆ రోజులే గుర్తొస్తున్నాయి.”

మావయ్య సరేనని లేచాడు. గడప దాటాక వెనకనుంచి తలుపు మెల్లగా వేశారట.

ఆయన ఇప్పటికీ కొట్టు తీస్తున్నాడు. ఆస్పత్రి పనులు మాత్రం పట్టడు. మాకు బజారుకి దగ్గర దారి ఆవిడ ఇంటి ముందునుంచే. మావయ్య అటు వెళ్లడు. సంచి పట్టుకుని, పెద్దరోడ్డు చుట్టూ తిరిగి వెళ్తాడు. ఎందుకంత చుట్టు అని అత్తయ్య మొదట్లో అడిగేది. ఇప్పుడు తనూ ఆయనతో చుట్టూ తిరిగే వెళ్తోంది.