ముత్యం కంటికి అందని ఎర్ర ముడి

సిరిసిల్ల నేతగాడు ముత్యం మగ్గానికి బిగించే పన్నె సందుల్లో పోగు ఎక్కించేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటాడు. దువ్వెన పళ్లలా ఇరుకుగా ఉండే ఆ సందులకు ఒంటి కన్నుతోనే గురి కుదురుతుందని, తను బాపు అని పిలిచే తండ్రి నేర్పిన అలవాటు. 1961 ఎండకాలంలో ఒక పొద్దున, ఒక సందు మీద చూపు నిలిపి ఉండగా, కుడివైపు బెత్తెడు దూరంలో గుర్తుకు కట్టిన ఎర్ర ముడి కనిపించకుండా పోయింది. తల తిప్పి చూస్తే ఉంది. మళ్లీ సందు వైపు చూస్తే లేదు.

బాపుకు యాభై దాటకముందే చూపు పోయింది. ముత్యానికి నలభై ఒకటి. తన వంతు వచ్చిందనుకున్నాడు. సావుకారు ఇచ్చిన కొత్త పడుగు వాపసు చేశాడు. మగ్గం ఇచ్చేస్తానని పక్కింటి మొండయ్యతో మాట కూడా అయింది. భార్య సత్తమ్మే పోరు పెట్టి కరీంనగర్ బస్సెక్కించి, తానూ వెంట వచ్చింది.

అక్కడి కంటి డాక్టర్ నజీరుద్దీన్ ముత్యం కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూశాడు.

"కన్ను మంచిగనే ఉన్నది."

"మరి ముడి ఎటు పోయింది సాబ్?"

డాక్టర్ బల్ల మీద సిరాబుడ్డి పెట్టి, దాని కుడిపక్కన ఎర్ర బిరడా ఒకటి ఉంచాడు. "సత్తమ్మా, జర నువ్వు ఎడమ కన్ను మూసి బుడ్డినే చూడు." బిరడాను మెల్లగా పక్కకు జరిపాడు.

"అయ్యో, మాయమాయె! నాగ్గూడ అంటిందా గీ రోగం?"

"రోగం గాదు. నాకూ ఉన్నది, అందరికుంటది. కంటి లోపల వెనక పొర మీద సన్నటి కణాలుంటయి. వెలుతురు పడంగనే అవి ఖబర్ అందిస్తయి. ఆ ఖబర్ సన్నటి నరాల పోగుల మీద మెదడుకు పోతది. పోగులన్నీ ఒక్క తాన కూడి, కట్ట లెక్క కంట్లకెళ్లి బయటికి పోతయి. గా తాన వెలుతురు పట్టే కణాలకు జాగ లేదు. గందుకే గక్కడ పడ్డది కనవడదు."

"మరి గిన్నేండ్లు నాకెట్ల ఎరుక గాలే?"

"ఒక కంటికి దొరకనిది రెండోది చూస్తది. ఒక్క కన్నే తెరిచినా, చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి మెదడే గా ఖాళీ నింపుకుంటది."

"అంటే తెగిన పోగు అదే అతుక్కుంటదన్నట్టు."

"గా మెదడే నయం," అంది సత్తమ్మ. "నువ్వు మగ్గమే ఇడిసిపెడితివి."

"బాపుకు వచ్చింది నాకు రాదా సాబ్?"

"గది వేరే, శుక్లం కావచ్చు. ఇప్పుడైతే నీకు లేదు. ఏడాదికొకపారి వచ్చి చూపించుకో."

బస్సు దిగి ముత్యం నేరుగా మొండయ్య ఇంటికి పోయాడు.

"మగ్గం ఇయ్యను, అన్నా."

"నేను జాగ సాఫ్ చేసి పెట్టిన గదనే!"

"మంచం ఏసుకో. చల్లగుంటది."

మర్నాడు సావుకారు దగ్గర నుంచి పడుగు మళ్లీ తెచ్చుకున్నాడు. సాయంత్రానికి సగం పన్నె నిండింది.